సొంత పార్టీని కాదన్న ఓట్లు: మెడికెయిడ్ కోతల వెనక అసలు లెక్క

2025 జులై 1న అమెరికా సెనేట్‌లో ఓట్లు 50-50 దగ్గర ఆగిపోయాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ (మన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు వాళ్లు అల్లుడని మురిసిపోయింది ఈయన్ని చూసే) తన ఓటు కలిపి 51 చేశారు. ట్రంప్ ముద్దుగా 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' అని పిలుచుకున్న బిల్లు అలా గట్టెక్కింది. పన్నుల తగ్గింపు, సరిహద్దు ఖర్చు, ఇంకా బోలెడు అంశాలున్న ఆ బిల్లులో అన్నిటికంటే గొడవ రేపింది పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కు పెట్టిన కోత. కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా ప్రకారం ఆ చట్టం వల్ల 2034 నాటికి బీమా లేనివాళ్లు దాదాపు కోటి మంది పెరుగుతారు. మెడికెయిడ్ మీద ఫెడరల్ ప్రభుత్వం పెట్టే ఖర్చు పదేళ్లలో 90 వేల కోట్ల డాలర్లకు పైగా తగ్గుతుంది.

సెనేట్‌లో ట్రంప్ పార్టీ అయిన రిపబ్లికన్లు 53 మంది. ముగ్గురు ఎదురు ఓటేశారు: నార్త్ కరొలైనా నుంచి థామ్ టిల్లిస్, మెయిన్ నుంచి సూసన్ కాలిన్స్, కెంటకీ నుంచి రాండ్ పాల్. ముగ్గురినీ ఒకే గాటన కట్టేసి, పేదల వైద్యానికి కత్తెర పడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయారు అనుకుంటే కథ తేలిగ్గా తేలిపోతుంది. కానీ రాండ్ పాల్ గొడవ వేరు. ప్రభుత్వ అప్పు పరిమితిని ఒక్కసారిగా 5 లక్షల కోట్ల డాలర్లు పెంచడం ఆయనకు నచ్చలేదు. ఖర్చు ఇంకా తగ్గించాలన్నదే ఆయన వాదన. అంటే అదే 'నో' ఓటు ఒకరికి కోత ఎక్కువైందని, ఇంకొకరికి కోత చాల్లేదని. రెండు రోజుల తర్వాత ప్రతినిధుల సభలోనూ ఇదే జరిగింది. 218-214తో బిల్లు నెగ్గినప్పుడు ఎదురు తిరిగిన ఇద్దరు రిపబ్లికన్లలో కెంటకీ థామస్ మాసీది అప్పుల బెంగ, పెన్సిల్వేనియా బ్రయన్ ఫిట్జ్‌ప్యాట్రిక్‌ది మెడికెయిడ్ బెంగ. ఎంతమంది ఎదురు తిరిగారని తలలు లెక్కపెడితే ఇక్కడ మోసపోతాం. ఏ రాష్ట్రంలో ఏ డబ్బు ఎక్కడ ఆగుతుందో చూస్తేనే ఎవరు ఎందుకు మొండికేశారో, ఎవరు ఎందుకు మెత్తబడ్డారో తెలుస్తుంది.

అందుకని ముందు డబ్బు సంగతి.

మెడికెయిడ్ 1965లో అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో మెడికేర్‌తో పాటే పుట్టింది. 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్, అది పూర్తిగా ఫెడరల్ పథకం. పేదలకు, వికలాంగులకు, పేద గర్భిణులకు, పిల్లలకు మెడికెయిడ్. దీన్ని నడిపేది రాష్ట్రాలు. ఖర్చు రెండు ప్రభుత్వాలూ పంచుకుంటాయి. రాష్ట్రం ఎంత పేదదైతే కేంద్రం వాటా అంత ఎక్కువ. సంపన్న రాష్ట్రాలకు సగానికి సగం, మిసిసిపీ లాంటి చోట 77 శాతం దాకా. దేశంలో పది కాన్పుల్లో నాలుగింటి బిల్లు కట్టేది మెడికెయిడే. మంచానపడ్డ ముసలివాళ్లను ఉంచి చూసుకునే సంరక్షణ కేంద్రాల్లో ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురి ఖర్చూ ఇదే భరిస్తుంది. కాలిఫోర్నియాలో మెడీ-కాల్, టెనసీలో టెన్‌కేర్, విస్కాన్సిన్‌లో బ్యాడ్జర్‌కేర్ అని రాష్ట్రానికో పేరు ఉండటంతో తాము వాడుతున్నది మెడికెయిడేనని తెలియనివాళ్లు కూడా కొల్లలు. 'మెడికెయిడ్ ఖర్చు తగ్గించాలి' అంటే చప్పట్లు కొట్టి, 'టెన్‌కేర్ తీసేస్తాం' అంటే మండిపడే ఓటరు అక్కడ ఉంటాడు.

2010లో వచ్చిన ఒబామాకేర్ చట్టం దీన్ని ఇంకా పెద్దది చేసింది. పిల్లలు, గర్భిణులు, వికలాంగులే కాదు, దారిద్ర్యరేఖకు 138 శాతం లోపు ఆదాయం ఉన్న పెద్దవాళ్లందరికీ మెడికెయిడ్ ఇవ్వాలంది. ఇలా కొత్తగా చేరినవాళ్ల ఖర్చులో 90 శాతం కేంద్రమే పెట్టుకుంటానంది. 2012లో సుప్రీంకోర్టు ఈ విస్తరణ రాష్ట్రాల ఇష్టమని తీర్పిచ్చింది. అక్కడి నుంచి దేశం రెండుగా చీలింది. ఇప్పటికి 40 రాష్ట్రాలు విస్తరించాయి. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా లాంటి పది రాష్ట్రాలు ఒప్పుకోలేదు. ఈ గీత గుర్తుంచుకోండి, తిరుగుబాట్ల పటం చాలావరకు దీని మీదే గీసి ఉంటుంది.

ఇక అసలు మెలిక ప్రొవైడర్ పన్ను. బడ్జెట్ గుమస్తాలకు తప్ప ఎవరికీ పట్టని విషయంలా కనిపిస్తుంది గానీ, సెనేటర్లు రాత్రుళ్లు కొట్టుకున్నది దీని మీదే. కేంద్రం వాటా 60 శాతం ఉన్న ఒక రాష్ట్రాన్ని తీసుకుందాం. ఆసుపత్రులకు 100 డాలర్లు చెల్లించాలంటే రాష్ట్రం 40 పెట్టుకోవాలి, కేంద్రం 60 ఇస్తుంది. రాష్ట్రం దగ్గర ఆ 40 లేదు. ఏం చేస్తుంది? ఆసుపత్రుల మీదే పన్ను వేసి 40 రాబడుతుంది. దాన్ని తన వాటాగా చూపించి కేంద్రం నుంచి 60 తెచ్చుకుంటుంది. మొత్తం 100 తిరిగి ఆసుపత్రులకే ఇస్తుంది. రాష్ట్ర ఖజానాకు పైసా ఖర్చులేదు, ఆసుపత్రులకు 60 లాభం, కేంద్రానికి 60 చమురు. అందుకే ఆసుపత్రులు ఈ పన్ను వేయండి మహాప్రభో అని అడిగి మరీ వేయించుకుంటాయి. పన్ను కడతామని వెంటపడే వ్యాపారాన్ని మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

ఇది చట్టబద్ధమే, కానీ సొగసైన ఏర్పాటు కాదు. కేంద్రం డబ్బు లాగడానికి రాష్ట్రాలు ఆడే గారడీ అన్న విమర్శ పాతదే. ఒబామా ప్రభుత్వం కూడా ఒకప్పుడు దీనికి పగ్గం వేయాలని ప్రతిపాదించింది. కాబట్టి ఈ కోతను సమర్థించే రిపబ్లికన్ వాదనలో అసలు పస లేదనడం న్యాయం కాదు. చిక్కేమిటంటే, అలాస్కా మినహా అన్ని రాష్ట్రాలూ ఏదో రూపంలో ఈ పన్ను మీద ఆధారపడి బతుకుతున్నాయి. పాతికేళ్లుగా దీని మీదే పల్లెటూరి ఆసుపత్రుల జీతాలు నడుస్తున్నాయి. ఆసుపత్రి రాబడిలో 6 శాతం దాకా వేసుకోవచ్చన్న ఈ పన్నును, విస్తరించిన రాష్ట్రాల్లో ఏటా అరశాతం చొప్పున 3.5 శాతానికి దించమంది కొత్త చట్టం. విస్తరించని రాష్ట్రాల్లో మాత్రం ఉన్నదాన్ని ఉన్నచోటే ఆపింది.

రెండో పెద్ద మార్పు పని నిబంధన. విస్తరణ కింద చేరిన 19 నుంచి 64 ఏళ్లవాళ్లు నెలకు 80 గంటలు ఉద్యోగమో, చదువో, స్వచ్ఛంద సేవో చేస్తున్నట్టు చూపించాలి. వినడానికి సబబుగానే ఉంటుంది. 2018లో ఆర్కన్సా రాష్ట్రం ఇలాంటిదే పెట్టి చూసింది. కొన్ని నెలల్లోనే 18 వేల మందికి పైగా బీమా కోల్పోయారు, మరుసటి ఏడాది న్యాయస్థానం దాన్ని ఆపేసింది. పోయినవాళ్లలో చాలామంది సోమరులు కారు. పని చేస్తూనే, చేస్తున్నామని ప్రతి నెలా నమోదు చేయలేకపోయినవాళ్లు. పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి తిరిగిన తెలుగు పెద్దవాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు టిల్లిస్ దగ్గరికి వద్దాం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఆసక్తికరంగా తోచిన మనిషి ఆయనే. ఎందుకంటే ఆయన మెడికెయిడ్ విస్తరణకు మొదటి నుంచీ మిత్రుడు కాడు, శత్రువు. 2013లో నార్త్ కరొలైనా శాసనసభ విస్తరణను తిరస్కరిస్తూ చట్టం చేసినప్పుడు స్పీకర్ ఆయనే. 2014 సెనేట్ ప్రచారంలో ఆ ఘనతను చాటుకున్నారు కూడా. 2017లో ఒబామాకేర్ రద్దుకు 'అవును' అన్నారు. అలాంటి మనిషి ఎనిమిదేళ్ల తర్వాత అదే విస్తరణ కోసం సొంత అధ్యక్షుడితో తగాదా పెట్టుకున్నారు.

మధ్యలో జరిగిందేమిటి? నార్త్ కరొలైనా మనసు మార్చుకుంది. 2023లో రిపబ్లికన్ల చేతిలో ఉన్న శాసనసభే విస్తరణను ఆమోదించింది, డిసెంబరు 1 నుంచి అమలైంది. రాష్ట్రం పెట్టుకోవాల్సిన 10 శాతాన్ని ఆసుపత్రులే భరించేలా ఏర్పాటు చేశారు. కేంద్రం వాటా 90 శాతం కంటే తగ్గితే విస్తరణ రద్దయిపోతుందని చట్టంలోనే రాసుకున్నారు. ఏడాదిన్నరలో ఆరు లక్షల మందికి పైగా చేరారు. వాళ్లంతా ఇప్పుడు ఓటర్లు. ఆసుపత్రుల లెక్కలన్నీ వాళ్ల చుట్టూ అల్లుకున్నాయి. ఇచ్చే ముందు వద్దన్న నాయకుడు ఇచ్చాక తీసేయలేడు.

జూన్ 28 రాత్రి బిల్లును చర్చకు తీసుకోవాలా అన్న ఓటింగ్‌లో టిల్లిస్ వద్దన్నారు. ఆయన మీద పార్టీలోనే పోటీకి దిగేవాళ్లతో మాట్లాడతానని ట్రంప్ బెదిరించారు. మరునాడే టిల్లిస్ 2026లో మళ్లీ పోటీ చేయనని ప్రకటించి, ఆ సాయంత్రం సెనేట్‌లో లేచి ప్రసంగించారు. మెడికెయిడ్ జోలికి పోనని, దుబారా, మోసం మాత్రమే ఏరేస్తానని అధ్యక్షుడు మాటిచ్చారు, సలహాదారులు ఆయన చేత ఆ మాట తప్పిస్తున్నారు, రెండు మూడేళ్ల తర్వాత 6 లక్షల 63 వేల మందికి నేనేం సమాధానం చెప్పాలి అన్నది ఆ ప్రసంగ సారాంశం. చూడండి, మెడికెయిడ్ గొప్పదని ఆయన ఒక్కసారీ అనలేదు. ప్రొవైడర్ పన్నుకు పెట్టిన కోత వల్ల తన రాష్ట్రానికి వేల కోట్ల డాలర్లు గండి పడుతుందన్న లెక్క తీశారు, ఆ లెక్క తప్పని నిరూపించమని సహచరులకు సవాలు విసిరారు.

పోటీ చేయనని చెప్పాక ధైర్యం రావడం పెద్ద విషయమా అని అడగొచ్చు. అడగాల్సిందే. వరస మాత్రం గమనించాలి: ఓటు శనివారం, ప్రకటన ఆదివారం.

ఇక్కడ మనవాళ్లకు ఒక సందేహం రావాలి. విప్ లేదా? మన పార్లమెంటులోనో అసెంబ్లీలోనో పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేస్తే 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వమే పోతుంది. కాబట్టి మన దగ్గర బిల్లు నచ్చని సభ్యుడు గోడ దూకుతాడు, లేదా నోరు మూసుకుంటాడు. పార్టీలో ఉంటూనే ఒక బిల్లుకు అడ్డం తిరగడమనే మధ్యదారి దాదాపు లేదు. అమెరికాలోనూ విప్ అనే పదవి ఉంది, కానీ ఆయన చేయగలిగింది లెక్కపెట్టడం, బతిమాలడం, బెదిరించడం. సీటు తీసేయలేరు. టికెట్ ఇచ్చేది పార్టీ అధిష్ఠానం కాదు, ప్రైమరీ ఎన్నికలో ఓటేసే కార్యకర్తలు. అందుకే శిక్ష కూడా ప్రైమరీ రూపంలోనే వస్తుంది. కార్యకర్తల్లో ట్రంప్ మాటకున్న బలం ముందు ఏ విప్పూ చాలదు.

ఈ సంగతి తెలిస్తే అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీకి ఆ తెగువ ఎక్కడిదో అర్థమవుతుంది. 2010లో ఆమె సొంత పార్టీ ప్రైమరీలో ఓడిపోయారు. బ్యాలెట్ మీద పేరు లేకపోయినా, ఓటర్లు చేత్తో పేరు రాసి ఆమెను గెలిపించారు. తర్వాత అలాస్కా ఎన్నికల పద్ధతే మార్చుకుంది, అన్ని పార్టీలకూ ఒకే ప్రైమరీ, ఆపైన ప్రాధాన్య ఓట్లు. ఆ పద్ధతిలో 2022లో మళ్లీ గెలిచారు. పార్టీ ఆమెను శిక్షించగల చోటే అక్కడ లేదు.

మరి 2025లో ఆమె 'అవును' ఎందుకన్నారు? అధినాయకులు రాత్రంతా ఆమె చుట్టూ తిరిగారు. ఆహార సాయం ఖర్చులో రాష్ట్రాల వాటా విషయంలో అలాస్కాకు అక్కరకొచ్చే వెసులుబాటు, తిమింగలాల వేట సాగించే స్థానిక తెగల కెప్టెన్లకు పన్ను మినహాయింపు పెంపు, దేశమంతటి పల్లె ఆసుపత్రుల కోసం 5 వేల కోట్ల డాలర్ల నిధి. ఇవన్నీ చేరాక ఆమె ఓటు పడింది. ఓటు వేసి బయటికొచ్చి, ఇది నరకయాతనలాంటి నిర్ణయమని, ప్రతినిధుల సభ దీన్ని సరిదిద్ది పంపుతుందని ఆశిస్తున్నానని విలేకరులతో చెప్పారు. ఆ సభ ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించింది. అయితే ఆమె లొంగిపోయారని తేల్చేసే ముందు పైన చెప్పిన ఒక సంగతి గుర్తుకు తెచ్చుకోవాలి: ప్రొవైడర్ పన్ను లేని ఏకైక రాష్ట్రం అలాస్కా. టిల్లిస్‌కు నిద్రపట్టనివ్వని కోత ఆమె రాష్ట్రాన్ని తాకనే తాకదు. తాకేవాటికి ఆమె బేరమాడి రాయితీ తెచ్చుకున్నారు.

మిస్సోరీ సెనేటర్ జాష్ హాలీ కథ ఇంకా వింత. ఆ రాష్ట్ర అటార్నీ జనరల్‌గా ఉన్నప్పుడు ఒబామాకేర్‌ను కొట్టేయాలని కోర్టుకెళ్లిన రాష్ట్రాల్లో మిస్సోరీని చేర్చింది ఆయనే. 2020లో మిస్సోరీ ఓటర్లు రాజకీయ నాయకులను పక్కనపెట్టి, నేరుగా బ్యాలెట్ ద్వారా మెడికెయిడ్ విస్తరణను గెలిపించుకున్నారు. 2025 మే నెలలో ఆయనే న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, మెడికెయిడ్‌కు కోత పెట్టడం నైతికంగా తప్పు, రాజకీయంగా ఆత్మహత్య అన్నారు. జులై 1న ఆ బిల్లుకే ఓటేశారు. జులై 15న, తాను ఓటేసిన చట్టంలోని ప్రొవైడర్ పన్ను కోతను రద్దు చేయాలంటూ కొత్త బిల్లు పెట్టారు. రెండు వారాలు!

దీన్ని నాటకమనొచ్చు. నాకు మాత్రం ఇదే రిపబ్లికన్ పార్టీలో అసలు చీలిక అనిపిస్తుంది. రాండ్ పాల్‌కీ సూసన్ కాలిన్స్‌కీ మధ్య ఉన్న దూరం కాదు, ఒకే హాలీలో ఉన్న ఇద్దరు మనుషుల మధ్య దూరం. పార్టీకి డబ్బిచ్చేవాళ్లకు పన్ను తగ్గాలి, ఓటేసేవాళ్లకు మెడికెయిడ్ ఉండాలి. పదేళ్ల కిందట రిపబ్లికన్ ఓటరంటే ఉద్యోగంలో బీమా ఉన్న మధ్యతరగతి మనిషి. ఇప్పుడు మిస్సోరీ పల్లెల్లో, కెంటకీ గనుల దగ్గర, గంటల కూలీకి పనిచేసే మనిషి కూడా ఆ పార్టీ ఓటరే.

ప్రతినిధుల సభలో డేవిడ్ వలడేయోది ఇదే అవస్థ. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో పొలాల మధ్య ఉన్న ఆయన నియోజకవర్గంలో దాదాపు మూడింట రెండు వంతుల జనం మెడీ-కాల్ మీద ఉన్నారు. 2017లో ఒబామాకేర్ రద్దు బిల్లుకు ఆయన 'అవును' అన్నారు. 2018లో 862 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2020లో మళ్లీ గెలిచారు. ఈసారి ముందే జాగ్రత్తపడి, 2025 ఏప్రిల్‌లో 12 మంది రిపబ్లికన్ల చేత మెడికెయిడ్ కోతలకు ఒప్పుకునేది లేదంటూ అధినాయకత్వానికి లేఖ రాయించారు. జులై 3న ఓటింగ్ వచ్చేసరికి ఆయన మీట 'అవును' మీదే పడింది. లేఖ రాయడం ఖర్చులేని పని.

2017 ప్రస్తావన వచ్చింది గనుక, చాలామందికి గుర్తున్న ఆ రాత్రి గురించి కొంచెం. జులై 28, రాత్రి ఒంటిగంట దాటింది. ఒబామాకేర్‌లో కొన్ని భాగాలను రద్దు చేసే బిల్లు. మెదడు క్యాన్సర్ బయటపడి కొద్ది రోజులే అయిన రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ సభ ముందుకొచ్చి బొటనవేలు కిందికి దించారు. కాలిన్స్, మర్కౌస్కీ అప్పటికే వ్యతిరేకం. 49-51తో బిల్లు పోయింది. ఆ దృశ్యం ఎంత నాటకీయమంటే, మిగతా ఇద్దరు మహిళలు నెలల తరబడి ఒత్తిడి తట్టుకుని నిలబడ్డ సంగతి కనుమరుగైంది. పైగా మెకెయిన్ ఒబామాకేర్ అభిమానీ కాదు. కమిటీ విచారణలు లేకుండా, అర్ధరాత్రి తలుపులేసుకుని ఆరోగ్య చట్టం రాయడం ఆయనకు మింగుడుపడలేదు. ఆ సెప్టెంబరులో వచ్చిన ఇంకో రద్దు బిల్లుకు ఆయన సొంత రాష్ట్రం అరిజోనా గవర్నరే మద్దతిచ్చినా మెకెయిన్ ఒప్పుకోలేదు. అంటే ఈ జాబితాలో రాష్ట్రం లెక్కతో సంబంధం లేకుండా అడ్డుపడ్డ అరుదైన మనిషి.

2017లో ముగ్గురు ఆపగలిగారు, 2025లో ముగ్గురు ఆపలేకపోయారు. ఎందుకు? కూడిక చాలు. ఇలాంటి బడ్జెట్ బిల్లులు రికన్సిలియేషన్ అనే పద్ధతిలో వస్తాయి. మామూలుగా సెనేట్‌లో 60 ఓట్లు కావాలి, ఈ దారిలో సగం ఉంటే ఉపాధ్యక్షుడి ఓటుతో నెగ్గుతుంది. 2017లో రిపబ్లికన్లు 52, ముగ్గురు పోతే 49. 2025లో 53, ముగ్గురు పోయినా 50. నాలుగో మనిషి మర్కౌస్కీ అయ్యుండాలి, అందుకే బేరమంతా ఆమె దగ్గరే జరిగింది. కాలిన్స్ 2026లో ఎన్నికలకు వెళ్లాలి, అదీ డెమోక్రాట్ కమలా హారిస్‌కు ఓటేసిన మెయిన్‌లో. నాలుగో ఓటు చేజారదని రూఢి అయ్యాక ఇలాంటివాళ్లు ఎదురు ఓటేస్తే పార్టీకే మంచిది. తేడా మరీ పల్చగా ఉన్నప్పుడు తప్ప తిరుగుబాటు ఓట్లలో కొన్ని ఇలా పార్టీ చూసీచూడనట్టు వదిలేసినవే అయ్యుంటాయని నా అనుమానం. కాలిన్స్ ఆందోళన బూటకమని కాదు దీనర్థం. ఆమె 2017లోనూ వ్యతిరేకించారు.

కొన్ని నెలలకే ఇదే గొడవ ఇంకో తలుపులోంచి వచ్చింది. మెడికెయిడ్‌కు అర్హత లేక, ఉద్యోగంలో బీమా లేక, ఒబామాకేర్ మార్కెట్‌లో సొంతంగా బీమా కొనుక్కునేవాళ్లకు కోవిడ్ కాలంలో, 2021లో సబ్సిడీ పెంచారు. అది 2025 డిసెంబరు 31తో ముగిసింది. ముగిస్తే సబ్సిడీ పొందేవాళ్లు కట్టాల్సిన ప్రీమియం సగటున ఏడాదికి 888 డాలర్ల నుంచి 1,904కు చేరుతుందని ఆరోగ్య విధానాల సంస్థ కేఎఫ్ఎఫ్ లెక్కగట్టింది. ఒంటరి మనిషి ఏడాదికి సుమారు 62,600 డాలర్లు దాటి సంపాదిస్తే అసలు సబ్సిడీయే ఉండదు.

ఇక్కడ పటం తిరగబడింది. మెడికెయిడ్‌ను విస్తరించని రాష్ట్రాల్లో పేదల్లో చాలామంది ఎక్కడికెళ్తారు? ఈ మార్కెట్‌కే. 2025లో ఫ్లోరిడాలో 47 లక్షల మంది, టెక్సస్‌లో 40 లక్షలకు దగ్గరగా ఇందులో ఉన్నారు. దేశంలో ఈ బీమా కొన్నవాళ్లలో సగానికి మించి రిపబ్లికన్ నియోజకవర్గాల్లోనే ఉన్నారు. ట్రంప్‌కు నమ్మిన బంటుగా పేరుపడ్డ అప్పటి జార్జియా సభ్యురాలు మార్జొరీ టేలర్ గ్రీన్, తన సొంత పిల్లల ప్రీమియంలే రెట్టింపవుతాయని పార్టీని బహిరంగంగా దులిపేసింది అందుకే. జార్జియా విస్తరించని రాష్ట్రం. జులైలో నార్త్ కరొలైనా ఏడ్చింది, శీతకాలంలో జార్జియా వంతు వచ్చింది.

ఈ సబ్సిడీ కోసమే డెమోక్రాట్లు పట్టుబట్టడంతో అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ప్రభుత్వం మూతపడింది. దాన్ని ముగించింది కూడా పార్టీ మాట దాటినవాళ్లే, ఈసారి అవతలి వైపు. డెమోక్రాట్ల పక్షంలోని ఎనిమిది మంది సెనేటర్లు సబ్సిడీ మీద గట్టి హామీ లేకుండానే, డిసెంబరులో ఓటింగ్ జరుపుతామన్న మాట పుచ్చుకుని రిపబ్లికన్లతో కలిశారు. ఆ ఎనిమిది మందిలో 2026లో ఎన్నికలకు వెళ్లేవాళ్లు ఒక్కరూ లేరు. ఇద్దరు పదవీ విరమణ చేస్తున్నారు, మిగతావాళ్లకు 2028 దాకానో 2030 దాకానో గడువుంది. పార్టీ ఏదైనా సూత్రం ఒకటే.

ఇచ్చిన మాట ప్రకారం డిసెంబరు 11న సెనేట్‌లో మూడేళ్ల పొడిగింపు మీద ఓటింగ్ జరిగింది. నలుగురు రిపబ్లికన్లు (కాలిన్స్, మర్కౌస్కీ, హాలీ, అలాస్కా రెండో సెనేటర్ డాన్ సలివన్) డెమోక్రాట్లతో కలిశారు. 51-48. ఇది మామూలు దారి కాబట్టి 60 కావాలి, వీగిపోయింది.

ప్రతినిధుల సభలో మాత్రం నిజంగా అరుదైనది జరిగింది. ఏ బిల్లు ఓటింగ్‌కు రావాలో అక్కడ స్పీకర్ ఇష్టం. స్పీకర్ మైక్ జాన్సన్ పొడిగింపు మీద ఓటింగే వద్దన్నారు, కనీసం సవరణ పెట్టుకోనివ్వమన్నా ఆయన రూల్స్ కమిటీ ఒప్పుకోలేదు. స్పీకర్‌ను దాటి వెళ్లడానికి ఒక్కటే దారి, డిశ్చార్జ్ పిటిషన్. 218 మంది సంతకం పెడితే బిల్లు తనంతట తాను సభ ముందుకొస్తుంది. డెమోక్రాట్ల సంతకాలు 214. డిసెంబరు 17న నలుగురు రిపబ్లికన్లు వెళ్లి సంతకం పెట్టారు: ఫిట్జ్‌ప్యాట్రిక్, న్యూయార్క్ మైక్ లాలర్, పెన్సిల్వేనియాకే చెందిన రాబ్ బ్రెస్నహన్, ర్యాన్ మెకెంజీ. నలుగురివీ కొద్ది ఓట్లు అటూ ఇటూ అయితే చేజారే సీట్లు. వీళ్లలో ముగ్గురు జులైలో మెడికెయిడ్ కోతకు ఓటేసినవాళ్లే. ఎదురు ఓటు వేయడం కంటే ఈ సంతకం పెద్ద ద్రోహం పార్టీ దృష్టిలో. ఓటు వేస్తే స్పీకర్ ఓడిపోవచ్చు, సంతకం పెడితే సభ పగ్గాలే ఆయన చేతిలోంచి పోతాయి.

2026 జనవరి 8న ఆ బిల్లు 230-196తో నెగ్గింది. 17 మంది రిపబ్లికన్లు కలిశారు. నలుగురు తలుపు తీశాక పదమూడు మంది లోపలికొచ్చారు. సెనేట్‌లో అలాంటి బిల్లే అప్పటికి వీగిపోయి ఉంది, సబ్సిడీ గడువూ ముగిసిపోయింది. చట్టం కాదని తెలిసిన బిల్లుకు ఓటేయడం సులభం.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ గొడవలో నేరుగా తగిలేది ఒకటుంది. గ్రీన్‌కార్డు మీద తల్లిదండ్రులను తెచ్చుకున్నవాళ్లకు మొదటి అయిదేళ్లు పెద్ద తలనొప్పి బీమాయే. 65 దాటినా అయిదేళ్ల నివాసం లేకుండా మెడికేర్ కొనుక్కోలేరు, మెడికెయిడ్‌కూ సాధారణంగా అయిదేళ్లు ఆగాలి. అందుకని చాలామంది ఒబామాకేర్ మార్కెట్‌లో బీమా తీసుకుంటారు. దారిద్ర్యరేఖ కంటే తక్కువ ఆదాయం ఉండి, వలస హోదా వల్ల మెడికెయిడ్ దొరకనివాళ్లకు ఇన్నాళ్లూ అక్కడ సబ్సిడీ ఉండేది. కొత్త చట్టం 2026 నుంచి దాన్ని తీసేసింది. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు 2027 నుంచి ఆ మార్కెట్ సబ్సిడీయే ఉండదు. ఈ రెండు నిబంధనల కోసం ఏ రిపబ్లికనూ పార్టీని ఎదిరించలేదు. ఎదిరించడానికి వెనక ఓటరు ఉండాలి, వీళ్లకు ఓటు లేదు.

మిగిలింది తేదీల సంగతి. పన్ను తగ్గింపులు 2025 ఆదాయానికే వర్తించాయి. పని నిబంధన అమలు 2027 జనవరి 1 నుంచి, అంటే 2026 నవంబరు 3 మధ్యంతర ఎన్నికలు ముగిసిన ఎనిమిది వారాలకు. ప్రొవైడర్ పన్ను దించడం 2027 అక్టోబరులో మొదలయ్యే ఆర్థిక సంవత్సరం నుంచి, 2032కు 3.5 శాతానికి. ఈ పన్ను మీద నడిచే రాష్ట్రాల బడ్జెట్లు 2027 వసంతంలో రాసుకోవాలి. గవర్నర్లు తమ సెనేటర్లకు ఫోన్లు కలపడం అప్పుడు మొదలవుతుంది. టిల్లిస్ పదవీకాలం ఆ జనవరి 3తోనే ముగుస్తుంది. హాలీ మాత్రం ఉంటారు. ఆయనకు 2030 దాకా ఎన్నికలు లేవు.